క్రిస్మస్ ముగిసింది, ఓషోగాత్సు (జపాన్ కొత్త సంవత్సరపు పండుగ) మొదలైంది: జపాన్‌లో పాస్టరు కుటుంబాలు ఈ పది రోజులు ఎలా గడుపుతాయి?

మంచుముంగిలి · డిసెంబరు 26, రాత్రి 9.50

అందరికీ వందనాలు. మేము నీగాతా ప్రిఫెక్చర్‌లోని నాగఓకాలో ఉంటున్నాం. మా వారు ఇక్కడ ఒక చిన్న సంఘానికి పాస్టరు. ఆదివారం ఆరాధనకు పద్నాలుగు మంది వస్తే ఆ రోజు మందిరం నిండినట్టే లెక్క. మాకిది ఆరో చలికాలం. బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు ఐదు.

ఈ ఉదయం సూపర్‌మార్కెట్‌కు వెళ్తే, నిన్నటిదాకా క్రిస్మస్ తాత బొమ్మ ఉన్న చోట వెదురు, పైన్ కొమ్మలతో కట్టిన కొత్త సంవత్సరపు అలంకరణ, కదోమాత్సు, నిలబడి ఉంది. స్ట్రాబెర్రీ కేకులు సగం ధరకు వచ్చాయి, వాటి పక్కనే మోచి, అంటే జిగురు బియ్యపు ముద్దల, పొట్లాలు గుట్టగా పోశారు. రాత్రికి రాత్రే పండుగ మారిపోయింది. నెల రోజులుగా పిల్లల క్రిస్మస్, కొవ్వొత్తుల ఆరాధన, వృద్ధాశ్రమంలో పాటలు అంటూ పరుగులు పెట్టిన మాకు మాత్రం ఒక్కసారిగా ఇల్లంతా బోసిపోయినట్టు ఉంది. నిజానికి 25న ఇక్కడ సెలవు కూడా లేదు. మా వాళ్లలో సగం మంది ఆ రోజు పనికి వెళ్లారు.

నా ప్రశ్న ఇది. మా పక్కింటి ఒబాచాన్‌కు, అంటే బామ్మకు, ఎనభై దాటాయి. మా బాబు అంటే ప్రాణం. వాడిని ఒకటో తారీఖున తనతో హత్సుమోదెకు, అంటే కొత్త సంవత్సరపు తొలి దర్శనానికి, ఊరి జింజాకు, అంటే షింటో గుడికి, తీసుకువెళ్తానని అడిగింది. అక్కడ వేడి వేడి అమజాకె, తియ్యటి బియ్యపు పానీయం, పోస్తారని వాడికి ఇప్పటికే చెప్పేసింది. వాడు ఎగిరి గంతులు వేస్తున్నాడు. మా వారు ఇంకా ఏమీ తేల్చలేదు. మీరైతే ఏం చేస్తారు?

రెండో సంగతి, 29 నుంచి 3 వరకు సంఘంలో అందరూ ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. ఆ రోజుల్లో ఇంటి మీద బెంగ చెప్పలేను. అక్కడ అమ్మ వాళ్లింట్లో అరిసెలు, అర్ధరాత్రి పాటలు పాడుతూ వచ్చే కుర్రాళ్లు. ఇక్కడ కిటికీ బయట మంచు పడుతున్న చప్పుడు కూడా ఉండదు.

ఎడోగావాఒడ్డు · డిసెంబరు 26, రాత్రి 10.35

నేను క్రైస్తవుణ్ణి కాదండి, టోక్యోలో పదకొండేళ్లుగా ఉంటున్న కంప్యూటర్ ఉద్యోగిని. అయినా ఆ బెంగ నాకు తెలుసు. సంక్రాంతికి హైదరాబాదు ఎలా ఖాళీ అవుతుందో, ఓషోగాత్సుకు టోక్యో అలా ఖాళీ అవుతుంది. మొదటి ఏడాది నాకు ఎవరూ చెప్పలేదు. మూడు రోజులు కన్వీనియెన్స్ స్టోరు అన్నం ముద్దలతో గడిపాను.

హత్సుమోదె గురించి నాకు అర్థమైనంతలో, ఇక్కడ చాలామందికి అది నమ్మకం కన్నా అలవాటు. పుట్టగానే జింజాలో మొక్కు, పెళ్లి చర్చి లాంటి హాలులో, పోతే బౌద్ధ పూజారి మంత్రాలు. మూడింటికీ ఒకే కుటుంబం. మీ బాబును పిలవడంలో ఆ పెద్దావిడకు మతం ఆలోచనే వచ్చి ఉండదు. మనవడిని తిరునాళ్లకు తీసుకువెళ్లినట్టు అనుకుని ఉంటుంది.

విత్తనాలసంచి · డిసెంబరు 27, ఉదయం 6.10

సోదరీ, వందనాలు. అలవాటే కదా అని మనమే అనుకుంటే ఇక మనం అక్కడికి వెళ్లిన పని ఏమిటి? నేను జపాన్‌లో లేను, కాకినాడ దగ్గర సేవ చేస్తున్నాను. ఇక్కడ మా సంఘంలో కొత్తగా వచ్చినవాళ్లు జాతరలకు, మొక్కులకు దూరంగా ఉండటానికి ఎంత నలుగుతారో కళ్లారా చూస్తున్నాను. పాస్టరు గారి కొడుకే గుడి మెట్లు ఎక్కితే, ఇంట్లో అత్తమామలతో పోరాడి ఆదివారం వచ్చే జపాన్ కోడలికి మీరు ఏం సమాధానం చెబుతారు? ఒబాచాన్‌కు ప్రేమతో వద్దని చెప్పండి. అంతే.

చలిమంట · డిసెంబరు 27, ఉదయం 11.20

అక్కా, నేను మీ బాబు స్థానంలో పెరిగినవాణ్ణి. తొంభైలలో మా నాన్నగారు హొక్కైదో దీవిలోని సపోరోలో పాస్టరు. ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాను. కాస్త పెద్ద ఉత్తరమే రాస్తాను, ఓపిక పట్టండి.

అప్పట్లో డిసెంబరు 23 జపాన్‌లో సెలవు, అకిహితో చక్రవర్తి పుట్టినరోజు. 2018తో ఆ సెలవు పోయింది. సెలవు కాబట్టి మా పిల్లల క్రిస్మస్ ఎప్పుడూ ఆ రోజే. చర్చికి అనుబంధంగా ఉన్న యోచియెన్ (చిన్నపిల్లల బడి) పిల్లలు, వాళ్ల అమ్మలు, కలిపి వందకు పైగా. చెప్పులు, మంచు బూట్లు గుమ్మంలో పట్టక బయట వరుస కట్టేవి. చక్రవర్తి పుట్టినరోజుకు దేశమంతా చర్చికి వస్తుందని నేను చాలాకాలం నిజంగానే అనుకున్నాను. తొమ్మిది రోజుల తర్వాత జనవరి ఒకటిన గాంతన్ రేహాయ్, కొత్త సంవత్సరపు ఆరాధన. వచ్చేది నలుగురు. అందులో ముగ్గురం మేమే.

హొక్కైదోలో చలికాలపు సెలవులు జనవరి మధ్యదాకా ఉంటాయి. బడి తెరిచిన రోజు పిల్లలంతా ఎవరికి ఎంత ఒతోషిదామా వచ్చిందో లెక్కలు చెప్పుకునేవారు. పండుగకు పెద్దలు చిన్న కవర్లలో పెట్టి ఇచ్చే డబ్బు అది. నాకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. మొదటి ఏడాది మా ఇంటి ఎదురు తాతగారు కవరు ఇస్తే, డబ్బు తీసుకోకూడదని మా నాన్న గౌరవంగా తిరిగి ఇచ్చేశారు. మన దగ్గర అది నిజాయితీ. అక్కడ ముఖం మీద తలుపు వేయడం. ఆ తాతగారు వసంతం వచ్చేదాకా మాతో మాట్లాడలేదు. ఆయన మా మెట్ల మీద మంచు తీయడం మాత్రం మానలేదు. అది గుర్తొస్తే నాన్నకు ఇప్పటికీ సిగ్గు.

హత్సుమోదె కూడా ఇలాగే వచ్చింది. నాకు ఎనిమిదేళ్లు. ఎదురింటి బామ్మ పిలిచింది. నాన్న ఒక రాత్రంతా ఆలోచించి, మర్నాడు తానే వాళ్లింటికి వెళ్లి చెప్పారు: “మేము యేసుకు తప్ప ఎవరికీ మొక్కం. మావాడు చప్పట్లు కొట్టడు, తల వంచడు. అయినా మీ చేయి పట్టుకుని నడుస్తాడు, మంచు మీద మీరు జారకుండా చూసుకుంటాడు. దీనికి మీకు అభ్యంతరం లేకపోతే పంపుతాను.” బామ్మ నవ్వి, తనకు కావలసిందీ అదేనని చెప్పింది. నేను తోరీ ద్వారం లోపల ఒక చెట్టు కింద నిలబడ్డాను. ఆవిడ గంట మోగించి వచ్చింది. ఇద్దరం అమజాకె తాగాం. నా నాలుక కాలింది. నాకు గుర్తున్నది ఇంతే.

ఆవిడ క్రైస్తవురాలు కాలేదు. 2009లో పోయింది. నాన్న అంత్యక్రియలకు వెళ్లి, అగరు వేయకుండా పువ్వు పెట్టి, ఫోటో ముందు చాలాసేపు తల దించుకుని నిలబడ్డారు. ఆయన ఎందుకు అగరు వేయలేదో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. వాళ్లకు ముందే తెలుసు.

పిల్లవాణ్ణి పంపుతారో లేదో మీ ఇష్టం. పంపకపోతే మాత్రం కారణం వాడితో చెప్పించకండి. పెద్దల సరిహద్దులకు పిల్లలను కాపలా పెట్టకూడదు. నేను ఆ కాపలా చాలా ఏళ్లు కాశాను.

అడ్డప్రశ్న · డిసెంబరు 27, మధ్యాహ్నం 1.05

చదువు, శుభ్రత, క్రమశిక్షణ అన్నీ ఉన్న దేశం. వాళ్ల దేవుళ్లు వాళ్లకున్నారు. క్రైస్తవులు అక్కడ నూటికి ఒక్కరు. నాలుగున్నర శతాబ్దాలకు పైగా ప్రయత్నించినా అంతే. అక్కడికి కుటుంబంతో సహా వెళ్లి మంచులో కష్టపడటం ఎందుకు? వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నాను.

మంచుముంగిలి · డిసెంబరు 27, రాత్రి 11.15

పాపకు జ్వరం, ఇప్పుడే నిద్రపోయింది. అందరికీ ధన్యవాదాలు. చలిమంట తమ్ముడూ, నీ ఉత్తరం మా వారికి చదివి వినిపించాను. ఆయన లేచి వెళ్లి స్టవ్‌లో కిరోసిన్ పోసుకుంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయారు.

అడ్డప్రశ్న గారూ, ఆరేళ్లలో మా దగ్గర బాప్తిస్మం తీసుకున్నది ఇద్దరు. అందులో ఒకరు ఒసాకాకు మారిపోయారు. లెక్కలు చూసుకుంటే మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మా రోజు ఎలా ఉంటుందో మాత్రం చెప్పగలను. తెల్లవారుజామున మంచు తీసే యంత్రం చప్పుడుకు లేస్తాం. ఇక్కడి వీధుల మధ్యలో గొట్టాలు పరిచి భూగర్భజలం చిమ్ముతారు, మంచు కరిగిపోతుంది. ఆ నీటిలోని ఇనుము వల్ల రోడ్లన్నీ తుప్పు రంగులో ఉంటాయి, ఆ పద్ధతి మా ఊళ్లోనే పుట్టిందట. వీధి సరే, వాకిలి మాత్రం మనమే తీసుకోవాలి. మాది అయ్యాక పక్కిళ్ల ముసలివాళ్లది. తర్వాత ఆసుపత్రిలో ఎవరో ఒకరు. పొద్దుపోయాక పిల్లలకు ఇంగ్లీషు తరగతి. ఇందులో సువార్త ఎంత, ఇరుగుపొరుగు మర్యాద ఎంత అని నేను ఇప్పుడు విడదీయలేను. మొదట్లో విడదీసేదాన్ని.

విత్తనాలసంచి అన్నా, మీరు అడిగిన కోడలు మా సంఘంలో నిజంగానే ఉంది. ఆమె గురించే మా వారి ఆలోచనంతా.

పాతకాగితం · డిసెంబరు 28, ఉదయం 9.30

చరిత్ర పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. తల వంచడం, వంచకపోవడం అనే మాట వచ్చింది కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

1891 జనవరి 9న టోక్యోలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చక్రవర్తి విద్యా శాసనాన్ని చదివే సభ జరిగింది. అధ్యాపకులంతా చక్రవర్తి సంతకానికి నడుము వంచి నమస్కరించారు. ఉచిమురా కాంజో అనే క్రైస్తవ అధ్యాపకుడు తగినంత వంగలేదు. దేశమంతా గగ్గోలు పుట్టింది, ఉద్యోగం పోయింది. తర్వాత ఆయనే చర్చి భవనాలు, పాస్టర్లు అవసరం లేని క్రైస్తవం అంటూ ఒక ఉద్యమాన్ని నడిపాడు. విదేశీ మిషనరీల మీద ఆయనకు పెద్ద గౌరవం ఉండేది కాదు, ఆ మాట కూడా చెప్పాలి.

ఇంకొకరు కగావా తోయోహికో అనే క్రైస్తవ సేవకుడు. 1909 డిసెంబరు 24న, సరిగ్గా క్రిస్మస్ ముందు సాయంత్రం, కోబెలోని షింకావా మురికివాడకు కాపురం మార్చాడు. వయసు ఇరవై ఒకటి. ఆ కగావా 1938 డిసెంబరులో మద్రాసు దగ్గర తాంబరంలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు వచ్చాడు. ఆ సభలో మన డోర్నకల్ బిషప్ అజరయ్య గారూ ఉన్నారు. అంతకు ముప్పై ఏళ్లకు ముందే, 1907లో, అజరయ్య గారు విద్యార్థి క్రైస్తవుల సభ కోసం టోక్యో వెళ్లి వచ్చారు. అంటే మంచుముంగిలి గారూ, తెలుగు నేల మీద పనిచేసినవారు మీ దారిలో నడవడం కొత్త కాదు. అప్పట్లో ఓడలో వారాలు పట్టేది, మీకు ఫోనులో అమ్మ కనిపిస్తుంది. ఆ మాత్రం ఓదార్పు ఉంచుకోండి.

నాగసాకిరేవు · డిసెంబరు 28, రాత్రి 8.45

నేను కతోలిక సిస్టర్‌ని, నాగసాకిలో ఉంటాను. జపాన్ అంతటికీ క్రిస్మస్ వేయించిన కోడి, క్రీము కేకు, జంటల షికారు అయితే, మా ఊరు కొంచెం వేరు. ఇక్కడి ఉరకామి చర్చిలో 24 రాత్రి పూజకు ముత్తాతల కాలం నుంచి వచ్చే కుటుంబాలున్నాయి. 1945 క్రిస్మస్ ముందు రాత్రి, అణుబాంబుకు కూలిన ఆ చర్చి శిథిలాల్లోంచి తవ్వి తీసిన గంటనే మోగించారు. ఆ మాట ఇక్కడ నిన్న మొన్న జరిగినట్టు చెబుతారు.

పాతకాగితం గారూ, మీ పాఠానికి ఒక ముక్క జత చేస్తాను. క్రైస్తవం నిషిద్ధమైన రోజుల్లో క్రీస్తు, మరియమ్మల బొమ్మను కాలితో తొక్కించి క్రైస్తవులను పట్టుకునే ఫుమియె గురించి మీకు తెలుసు. నాగసాకిలో దాన్ని జరిపింది ఎప్పుడనుకున్నారు? కొత్త సంవత్సరంలోనే, మొదటి నెల నాలుగో రోజు నుంచి. రెండు వందల ఏళ్లకు పైగా ఇంటింటా అదొక పండుగ లాంఛనమైపోయింది. ఇకిత్సుకి దీవిలో దాగి బతికిన విశ్వాసులు క్రిస్మస్ ముందు రాత్రిని ఒసన్‌మాచి అనేవారు, ప్రసవం కోసం ఎదురుచూడటం అని అర్థం. గొంతెత్తి పాడలేదు, గుమ్మానికి నక్షత్రం కట్టలేదు. ఎదురుచూశారు. ఆ తర్వాత బొమ్మ తొక్కి, ఇంటికి వచ్చి క్షమాపణ ప్రార్థన చేసుకున్నారు.

అందుకే తొక్కినవారి మీద గానీ, తొక్కనివారి మీద గానీ తీర్పు చెప్పడం నాకు చేతకాదు. విత్తనాలసంచి గారి భయం న్యాయమైనదే. చలిమంట బాబు తండ్రి చేసిందీ న్యాయమే. ఒబాచాన్‌తో ముందుగా మాట్లాడటం ఒక్కటి వదలకండి.

రాత్రిషిఫ్టు · డిసెంబరు 29, ఉదయం 7.20

నేను నాగోయా దగ్గర వృద్ధుల సంరక్షణ గృహంలో పనిచేస్తాను. మీ రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు, అందుకే రాస్తున్నాను. ఓషోగాత్సుకు అందరూ ఇంటికి వెళ్తారు అంటారు. మా దగ్గర ఈ ఏడాది ముప్పై మందిలో ఇంటికి వెళ్లింది ఆరుగురే. మిగతావాళ్లు టీవీ ముందు కూర్చుంటారు. మోచి గొంతులో ఇరుక్కుంటుందని వాళ్లకు అది కూడా పెట్టం, మెత్తటి నకిలీ మోచి పెడతాం. ఒకావిడ ప్రతి ఏడూ దాన్ని గుర్తుపట్టి తిడుతుంది.

అక్కా, ఇల్లు లేనివాళ్లు, ఇంటికి వెళ్లలేనివాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు. ఫ్యాక్టరీల్లో పనిచేసే వియత్నాం పిల్లలు, టికెట్టుకు డబ్బు లేని విద్యార్థులు, భార్య పోయిన ముసలాయన. క్రిస్మస్ రోజు పార్టీలకు ఎవరైనా పిలుస్తారు. 31 రాత్రి ఎవరూ పిలవరు. మా ఊరి చర్చి ఆ రాత్రి దీపం వేసి ఉంచుతుంది. నేను అలాగే లోపలికి వెళ్లాను, మొదటిసారి.

ఎడోగావాఒడ్డు · డిసెంబరు 29, ఉదయం 8.00

దీపంతో పాటు పులిహోర కూడా ఉంచండి. చిన్న సలహా: నీగాతా కోషిహికారి బియ్యంతో చేయకండి, మైనపు ముద్ద అవుతుంది. టోక్యోలోని నిషికసాయిలో పొడి బియ్యం దొరుకుతాయి, కొరియర్ చేస్తాను. చిరునామా విడిగా పంపండి.

విత్తనాలసంచి · డిసెంబరు 29, ఉదయం 8.40

రాత్రిషిఫ్టు సోదరి మాట నాకు తగిలింది. జింజా విషయంలో నా మాట మారలేదు.

మంచుముంగిలి · డిసెంబరు 30, మధ్యాహ్నం 2.15

ఓసోజి జరుగుతోంది, ఏడాది చివరి ఇల్లు దులుపుడు. మందిరం కిటికీలు, చెప్పుల అరలు, స్టవ్ జాలీ అన్నీ అయ్యాయి. ఈలోపు ఒక తప్పు బయటపడింది. ఎవరింట్లోనైనా ఆ ఏడాది చావు జరిగితే వాళ్లకు నెంగాజో, అంటే కొత్త సంవత్సరపు కార్డు, పంపకూడదు. మన ఏటిసూతకం లాంటిదే, డిసెంబరు మొదట్లోనే వాళ్లు ముందుగా కార్డు రాసి తెలియజేస్తారు. ఆ కార్డు ఒకటి క్రిస్మస్ హడావిడిలో మా ఇంగ్లీషు తరగతి కాగితాల కింద ఉండిపోయింది. ఒకటో తారీఖున వాళ్లకు మా శుభాకాంక్షలు చేరిపోతాయి, ఇక ఆపడానికి లేదు. ఎనభై ఐదు యెన్ల స్టాంపు పెట్టి మరీ బాధపెడుతున్నాం. ఇప్పుడే వెళ్లి గుమ్మంలో తల వంచి వస్తాం.

ఎడోగావా తమ్ముడూ, బియ్యం అందాయి. ఒక్క రోజులో వచ్చేశాయి, నమ్మలేకపోయాను.

మంచుముంగిలి · జనవరి 4, సాయంత్రం 5.30

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి.

31న మా వీధి సంఘం మగవాళ్లంతా జింజా రాతిమెట్ల మీది మంచు తీయడానికి బయలుదేరారు. మా వారు కూడా పార తీసుకుని వెళ్లారు. నేను తెల్లబోయాను. మెట్లు గడ్డకట్టి ఉన్నాయి, రేపు ఎనభై ఏళ్ల మనిషి ఎక్కాలి, అని ఒక్క మాటే అన్నారు. మధ్యలో అందరూ సాకె తాగుతుంటే ఆయన టీ తాగారట. తిరిగి వస్తూ దారిలో ఒబాచాన్‌తో మాట్లాడారు, చలిమంట నాన్నగారు మాట్లాడినట్టే. ఆవిడ అంతా విని, “పాస్టరు గారింటి పిల్లవాడని నాకు తెలియదనుకున్నారా?” అన్నదట.

సంఘంలోని ఆ కోడలికి కూడా ముందే ఫోను చేసి చెప్పాం. ఆమె కొంచెంసేపు మౌనంగా ఉండి, తాను మాత్రం ఈసారి ఇంట్లోనే ఉండిపోతానని చెప్పింది. ఆమె మాటల్లో నొప్పి ఉంది. అది నా మనసులో ఇంకా ఉంది. దానికి ఏమీ చేయలేకపోయాను.

ఆ రాత్రి దీపం వేశాం. తలుపు మీద “సోబా (నూడుల్స్) ఉంది, లోపలికి రండి” అని కాగితం అంటించాం. తొమ్మిది దాకా ఎవరూ రాలేదు. తర్వాత ఇద్దరు వియత్నాం అమ్మాయిలు, వాళ్లతో ఒక మయన్మార్ కుర్రాడు. పదకొండుకు ఒక పెద్దాయన వచ్చి, ఇది రెస్టారెంటు అనుకున్నానని, అయినా కూర్చున్నాడు. సోబాతో పాటు చామదుంపలతో చేసే ఇక్కడి నోప్పే, మన పులిహోర. పెద్దాయన పులిహోరలో మిరపకాయ కొరికి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అర్ధరాత్రి దూరంగా బౌద్ధ మఠంలో, ఏడాది మారేటప్పుడు నూట ఎనిమిది సార్లు కొట్టే గంట మొదలైంది. ఎవరూ మాట్లాడలేదు. 2024 జనవరి ఒకటో తారీఖు సాయంత్రం నోతో ద్వీపకల్పంలో వచ్చిన భూకంపానికి ఈ గదే ఊగింది. ఆ గంట వింటుంటే అందరం దీపం వైపే చూస్తున్నాం, అది ఊగుతుందేమోనని.

ఒకటిన ఉదయం ఆరాధనకు తొమ్మిది మంది. మధ్యాహ్నం బాబు ఒబాచాన్‌తో వెళ్లాడు, చెట్టు కింద నిలబడ్డాడు. అమజాకె రెండు గ్లాసులు తాగి అన్నం తినలేదు.

అరిసెల సంగతి కూడా చెప్పాలి. కొన్న బియ్యపు పిండి పొడిగా ఉండి పాకంలో విరిగిపోయింది. చివరికి కోషిహికారి నానబెట్టి మిక్సీలో తడిపిండి కొట్టాను. బెల్లానికి బదులు ఒకినావా నల్ల చక్కెర. నూనె బాగా తాగాయి, గట్టిపడలేదు, అయినా అరిసెలే. ఒబాచాన్ వాటిని మోచి అనుకుంది.

విత్తనాలసంచి · జనవరి 4, రాత్రి 9.10

సోదరీ, పార పట్టుకుని వెళ్లడం గురించి నాకు ఇంకా మనసొప్పడం లేదు. దాచి లాభం లేదు. ఆ కోడలి కోసం ప్రార్థిస్తాను. మీ దీపం దగ్గరికి వచ్చిన నలుగురి కోసం కూడా.

చలిమంట · జనవరి 4, రాత్రి 9.40

రెండు గ్లాసులా? నేను ఒక్కటే తాగాను. మీవాడు నన్ను మించిపోయాడు అక్కా.

మంచుముంగిలి · జనవరి 6, ఉదయం 10.05

మళ్లీ మొదటికి వచ్చాం. ఒబాచాన్ ఇప్పుడే వచ్చి వెళ్లింది. 15న ఊరి బయట పొలంలో సాయినోకామి ఉందట. కదోమాత్సులు, పండుగ తోరణాలు, గడ్డి అన్నీ గోపురంలా పేర్చి తగలబెడతారు. ఆ మంటలో ఎండు స్క్విడ్, మోచి కాల్చుకుని తింటే ఏడాదంతా జబ్బు రాదట. కర్ర ఇప్పటి నుంచే సిద్ధం చేసుకోమని బాబుకు చెప్పింది.

ఎడోగావాఒడ్డు · జనవరి 6, ఉదయం 10.20

ఇది అచ్చంగా మన భోగిమంట కదండీ! తేదీ కూడా ఇంచుమించు అదే.

విత్తనాలసంచి · జనవరి 6, ఉదయం 11.00

భోగిమంట గురించి నా అభిప్రాయం అడగకండి, ఈ చర్చ ఉగాది దాకా సాగుతుంది. ఎండు స్క్విడ్ అంటే మా తీరంలో దొరికేదేనా? దాన్ని నేరుగా మంటలో పెడితే మాడిపోదా?

మంచుముంగిలి · జనవరి 6, ఉదయం 11.15

మంట తగ్గి నిప్పులు మిగిలాక, పొడవాటి వెదురు కర్ర చివర గుచ్చి కాలుస్తారట అన్నా. కర్ర కోసం మా వారు ఇప్పుడే బయలుదేరారు.